జానెడు దగ్గరగా

కొట్టే మనిషికి బంతి నెట్టు నుంచి బారెడు దూరంలో అందాలి. అంతకంటే దూరమైతే దెబ్బలో బలం ఉండదు. దగ్గరైతే, నెట్టు తగలకుండా ఉండటానికి ఆ మనిషి గాలిలోనే ఒళ్ళు మెలితిప్పుకోవాలి. నెట్టు తగిలితే పాయింటు పోతుంది. మా సిసాకెట్ జిల్లాలో, కాళ్ళతో ఆడే వాలీబాల్ లాంటి ఈ తక్రా నేర్చిన ఏ పిల్లనడిగినా ఈ సంగతి చెబుతుంది. నేను పద్నాలుగేళ్ళ నుంచి ఆడుతున్నాను. మే నెలలో ఆ ఆదివారం, మా జట్టులో కొట్టే లమ్యాయ్‌కి నేను ఎత్తి ఇచ్చిన బంతి బారెడుకు జానెడు తక్కువ దూరంలో లేచింది.

మా జట్టులో ముగ్గురం. ఒకరు సర్వీసు చేస్తారు, ఒకరు బంతిని లోపలి పాదంతో పైకి ఎత్తి ఇస్తారు, ఒకరు కొడతారు. అన్నీ కాళ్ళతోనే. మూడేళ్ళ క్రితం వరకు కొట్టేదాన్ని నేను. లమ్యాయ్ వచ్చాక మా కోచ్ ప్రసిత్ మాస్టారు ఒక సాయంత్రం బంతి నా చేతిలో పెట్టి, "చన్తా, నీ కాలికి తెలివి ఎక్కువమ్మా. తెలివున్న కాలు ఎత్తివ్వాలి, బలమున్న కాలు కొట్టాలి" అన్నారు. అది పొగడ్తలాగే వినిపించింది. ఇంటికెళ్ళి స్నానం చేస్తుంటే అర్థమైంది.

లమ్యాయ్ మీద నాకు కోపం లేదు. ఉంటే బాగుండేది. కోపాన్నయితే మనిషి గుర్తుపడతాడు, దానికో మొహం ఉంటుంది. నాకున్నది అలాంటిది కాదు. ఆమె వెనక్కి తిరిగి నిలబడి, కుడికాలు తల మీదుగా తిప్పి బంతిని నేలకు కొట్టినప్పుడు జనం అరుస్తారు. ఆ అరుపు నా పక్కనుంచి వెళ్ళి ఆమెకు తగులుతుంది. మూడేళ్ళు ఆ అరుపును నేను పక్కనుంచి విన్నాను. "అక్కా, ఎంత బాగా ఇచ్చావే!" అని ఆమె ప్రతిసారీ నన్ను వాటేసుకునేది. ఇరవై రెండేళ్ళది, ఒళ్ళంతా చెమట, నోరంతా నవ్వు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు అబద్ధం కూడా కాదు. ఇప్పుడు ఆలోచిస్తే భయమేసేది అందుకే.

ఆ రోజు చివరి సెట్టు. ఇంకో రెండు పాయింట్లు వస్తే జాతీయ పోటీలకు మా జిల్లా జట్టు వెళుతుంది. బంతి నా దగ్గరకు సుఖంగానే వచ్చింది. తొందర లేదు, గాలి లేదు. నా పాదం కింద బంతి ఉన్న ఆ అర సెకనులో నేనేమనుకున్నానో ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా ఒకేలా రాదు. కొన్ని రోజులు ఏమీ అనుకోలేదనిపిస్తుంది. కొన్ని రోజులు 'ఈ ఒక్కటి నెట్టులో పడనీ' అన్న మాట స్పష్టంగా వినిపిస్తుంది, నా గొంతుతోనే. ఎత్తివ్వడంలో పాదం ఆలోచించదని మాస్టారు చెబుతుంటారు. నా పాదం ఆలోచించింది.

లమ్యాయ్ ఏ బంతినీ వదలదు. లేచింది. నెట్టును తప్పించుకోవడానికి నడుము తిప్పింది. నేల మీదికి వచ్చేటప్పటికి ఎడమకాలు కర్రలా బిగిసి ఉంది, పాదం ఒకవైపు, ఒళ్ళు ఇంకోవైపు. మోకాలు లోపలికి మడతపడింది. పచ్చి వెదురు విరిచినట్టు ఒక చప్పుడు. ఆ చప్పుడు ఆమెకంటే ముందు నేను విన్నాననుకుంటాను, ఎందుకంటే ఆమె అరవడానికి ఒక క్షణం పట్టింది.

ఆ ఒక్క క్షణంలో నాకొచ్చిన ఆలోచన గురించి తర్వాత చెబుతాను. అది లమ్యాయ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అదనపు ఆటగత్తెను దింపి ఆ సెట్టు ఎలాగో గెలిచాం. ఎవరూ నన్నేమీ అనలేదు. లమ్యాయ్ తల్లి బున్మా పిన్ని తీసిన వీడియో ఒకటుంది, పదకొండు సెకన్లు. దాన్ని నేను వందసార్లు చూసి ఉంటాను. అందులో నా వీపు కనిపిస్తుంది, లేచిన బంతి కనిపిస్తుంది, ఆమె పడటం కనిపిస్తుంది. జానెడు తేడా కనిపించదు. సాక్షిని నేనొక్కదాన్నే. నా సాక్ష్యం మీద నాకే నమ్మకం లేదు.

*

మొదట పెద్ద దెబ్బేమీ కాదనుకున్నారు. మోకాలు గుమ్మడికాయంత వాచింది. బున్మా పిన్ని వాళ్ళ ఊళ్ళో మంత్రం చదివి ఊదే తాత దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన తమలపాకు నమిలి మోకాలి మీద ఊదాడు, నువ్వుల నూనె రాశాడు. నేను పక్కనే కూర్చున్నాను. ఆస్పత్రికి వెళదామని ఒక్కమాట అనలేదు. ఆస్పత్రిలో ఎక్కడ తెగిందో తెలుస్తుంది, ఎలా తెగిందో అడుగుతారు అని ఒక పిచ్చి లెక్క నా లోపల నడుస్తోంది. తాత ఊదుతుంటే నేనూ మొక్కాను. వాపు తగ్గింది. ఐదు వారాలకు లమ్యాయ్ మోకాలికి పట్టీ బిగించి మైదానానికి వచ్చింది. పక్కకు ఒక్క అడుగు తిరిగింది, బంతి కూడా లేదు. మోకాలు తలుపు గడియ ఊడినట్టు జారిపోయింది. ఈసారి కాలు పూర్తిగా చాపలేకపోయింది.

పెద్దాస్పత్రిలో డాక్టర్ అరుణీ ప్లాస్టిక్ మోకాలొకటి చేతిలో పట్టుకుని చూపించింది. పొట్టి మనిషి, మాట చురుకు.

"లోపల రెండెముకల్ని కట్టి ఉంచే తాడు ఇది. లిగమెంట్. ఇది తెగింది. తెగితే అతుక్కోదు, కుట్టినా నిలవదు. కొత్తది వెయ్యాలి."

"కొత్తదెక్కడి నుంచి తెస్తారమ్మా?" అంది బున్మా పిన్ని.

"మీ అమ్మాయి దగ్గరే ఉంది. తొడ వెనక రెండు సన్నటి తంతువులుంటాయి. తీసి మడతపెట్టి, ఎముకలో సొరంగం చేసి ఇందులోంచి లాగి బిగిస్తాం."

"నాది తీసుకోండి. కొవ్వెక్కి ఉన్నాను, రెండు తాళ్ళు పోతే నాకేం?"

డాక్టరు నవ్వలేదు. "ఇంకొకటుంది. ఎముకల మధ్య మెత్త చిరిగి మడతపడింది. కాలు చాపలేకపోతోంది అందుకే. మొదట్లోనే వచ్చుంటే ఇంత చిరిగేది కాదు. ఇప్పుడైతే కుట్టొచ్చు. ఇంకా ఆలస్యమైతే కోసి పారేయడమే. అప్పుడు ముప్పై ఐదేళ్ళకే అరవై ఏళ్ళ మోకాలు వస్తుంది." జూలై పద్నాలుగు అని రాసిచ్చింది. "ఇది దాటితే నన్ను అడగొద్దు."

మొదట్లోనే వచ్చుంటే. ఆ మాట డాక్టరు గోడకు చెప్పినట్టు చెప్పింది. నాకు తగిలింది.

తర్వాతి వారం మాస్టారు నన్ను పిలిచారు. "లమ్యాయ్ ఇక ఏడాది దాకా లేదు. ఆపరేషన్ చేయించుకోకపోతే అసలే లేదు. కొట్టేది నువ్వే. డిసెంబరులో జాతీయ పోటీలు." మూడేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. "సరే మాస్టారూ" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

*

ఆపరేషన్ ఇంకా ఎనిమిది రోజులుందనగా బున్మా పిన్ని స్కూలుకు వచ్చింది. నేను మునిసిపల్ స్కూల్లో ఆటల టీచర్ని. గేటు దగ్గర చెప్పులు విడిచి నిలబడింది, స్కూలంటే గుడి అనుకునే మనిషి.

"చన్తా తల్లీ, ఇది వెళ్ళనంటోంది."

"ఎక్కడికి?"

"కోతకి. కాలు ఇలాగే ఉండనీ అంటోంది. నువ్వు చెబితే వింటుంది."

పక్క ఊళ్ళో పూనకమొచ్చి చెప్పే ముసలావిడ దగ్గరికి వెళ్ళిందట లమ్యాయ్. ఆవిడ కళ్ళు మూసుకుని, 'నీ మోకాలి చుట్టూ చిన్న చిన్న ప్రాణాలు కూర్చుని ఉన్నాయి, కాళ్ళు లేని ప్రాణాలు' అందట. ఇంకేముంది, లమ్యాయ్‌కి అర్థమైపోయింది. బున్మా పిన్ని సంతలో కప్పలు అమ్ముతుంది. లమ్యాయ్ చిన్నప్పుడు తొలకరి పడగానే తెల్లవారుజామున పొలాల్లో కప్పలు పట్టేది. బుట్టలోంచి గెంతిపోకుండా ఒక్కోదాని కాళ్ళు విరిచి వేసేది. మా వైపు అందరూ చేసేదే. మోకాళ్ళ నొప్పులొచ్చిన ప్రతి ముసలాయనా ఇక్కడ కప్పల్నే తలుచుకుంటాడు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఎత్తు స్తంభాల మీద చెక్క ఇల్లు. కింద నీడలో లమ్యాయ్ వెదురు మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది, చాపగలిగినంత. పైనుంచి పిన్ని మా మాటలు వింటూనే అన్నం ఆవిరికి పెడుతోంది.

"లెక్కేశానక్కా" అంది లమ్యాయ్. "రోజుకు ముప్పై. వానాకాలం మూడు నెలలు. ఏడేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా. ఎన్ని కాళ్ళో తెలుసా? దానికి ఒక్క మోకాలు తీసుకున్నారంటే దయగలవాళ్ళే."

"పిచ్చి మాటలు."

"పిచ్చి కాదు. ఇప్పుడు ఇది బాగుచేయించుకుంటే వాళ్ళు ఊరుకుంటారా? ఇంకోచోట పట్టుకుంటారు. అమ్మని పట్టుకుంటారు."

పైనుంచి పిన్ని అరిచింది. "నన్ను పట్టుకోవాలంటే ఎప్పుడో పట్టుకునేవి! నేను తిన్న కప్పలన్నీ లేచొస్తే ఈ ఇల్లు చాలదు. ఆ ముసలిదాని మోకాలు చూశావా? కుంటుకుంటూ నడుస్తుంది. అదెన్ని కప్పల్ని తిందో ముందది చెప్పమను!"

లమ్యాయ్ నవ్వింది. ఆ నవ్వు వెనకటిలా నోరంతా లేదు. "అక్కా, ఇది నా తప్పు. నేను మోస్తాను. తేలిగ్గానే ఉంది తెలుసా, ఎందుకిలా అయ్యిందో తెలిశాక."

నేను నీళ్ళు తాగి వచ్చేశాను.

దారంతా ఒకటే ఆలోచన. నా నేరాన్ని కప్పలు మోస్తున్నాయి. నోరులేనివి. వాటి మీద వేసి నేను డిసెంబరులో హాయిగా కొట్టుకోవచ్చు. ఆమె కుంటుతుంది, పాపం తీర్చుకుంటున్నాననుకుంటూ కుంటుతుంది, నన్ను జీవితాంతం అక్కా అంటుంది. నేనేమీ చేయనక్కరలేదు. అన్నిటికంటే సులువైనదే జరుగుతోంది. చెబితే? ఆమె పోతుంది, జట్టు పోతుంది, ఈ చిన్న ఊళ్ళో నా మొహం పోతుంది. ఒకవేళ నేను చెప్పేది నిజం కాకపోతే? నా పాదం కావాలని చేయలేదేమో. చేయని నేరం నెత్తిన వేసుకోవడం కూడా ఒక గొప్పేనేమో, ఆమె పడిన చోట కూడా నేనే నిలబడాలన్న ఆశేమో. మూడు రోజులు ఇలాంటి వాదనలు చేసుకున్నాను. ప్రతి వాదనా తెలివైనదే. ప్రతి వాదనా చివరికి నోరు మూసుకోమనే చెప్పేది. దాంతో అనుమానం వచ్చింది. నిజం వెతికే వాదనలన్నీ ఒకే గుమ్మంలోంచి బయటికి రావు.

*

నాలుగో రోజు వెళ్ళేసరికి లమ్యాయ్ మంచం మీద కూర్చుని మట్టి రోట్లో పచ్చి బొప్పాయి దంచుతోంది. పిన్ని పైన ఉంది, అందుకే గొంతు తగ్గించాను.

"లమ్యాయ్, అది కప్పల పని కాదు."

"మరి పీతలదా? పీతల కాళ్ళు కూడా విరిచాలే."

"నా పని."

ఆమె దంచుతూనే ఉంది. "నువ్వూ మొదలెట్టావా. నువ్వు పక్కనున్నావు కాబట్టి నీ తప్పనుకుంటున్నావు. సర్వీసు పిల్ల కూడా ఏడ్చింది, సర్వీసు సరిగ్గా వేసుంటే అంటూ. అంపైరు కూడా ఏడుస్తాడేమో చూడాలి."

"ఆ బంతి దగ్గరగా ఇచ్చాను."

"వచ్చింది దగ్గరగా. వస్తాయి. నువ్వేమన్నా యంత్రానివా?"

"కావాలని."

రోకలి ఆగింది. ఏమంటుందో అన్నిటికీ నేను సిద్ధపడి వచ్చాను. తిడితే, ఏడిస్తే, నమ్మకపోతే ఏమనాలో దారిలో అనుకున్నాను. ఆమె అడిగింది మాత్రం అనుకోలేదు.

"ఎంత కావాలని?"

దానికి జవాబు వెతికాను. అది న్యాయమైన ప్రశ్న. ఇన్ని వారాలుగా నన్ను నేను అడగని ప్రశ్న.

"జానెడు" అన్నాను.

"నేను పడాలనా?"

"కాదు. నువ్వు కొట్టలేకపోవాలని. ఒక్కసారి, అందరూ చూస్తుండగా బంతి నెట్టులో పడాలని. చన్తా అయితే కొట్టేది అని మాస్టారు ఒక్కసారి అనుకోవాలని."

"నేను పడ్డాక?"

ఇది చెప్పకుండా వచ్చేయొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు.

"నీ మోకాలి చప్పుడు వినగానే, నువ్వు అరిచేలోపల, 'ఇక కొట్టేది నేనే' అనుకున్నాను. ఆ తర్వాతే పరిగెత్తుకొచ్చాను."

లమ్యాయ్ రోకలి పక్కన పెట్టింది. బొప్పాయిలో పోసిన ఊరిన చేప నీళ్ళ వాసన, మిరపకాయల ఘాటు. పైనుంచి పిన్ని, "ఏమే, దంచడం ఆపేశావు?" అంది.

"కంట్లో మిరపకాయ పడిందమ్మా" అంది లమ్యాయ్. గొంతులో తేడా లేదు. నా వైపు చూడకుండా, "ఇంటికి పో అక్కా" అంది.

అక్కా అన్నది అలవాటుగా వచ్చిందో, కావాలని అన్నదో తెలియదు.

*

మూడు రోజులు ఏ కబురూ లేదు. మైదానానికి వెళ్ళాను, పిల్లల చేత డ్రిల్లు చేయించాను, అన్నం తిన్నాను. చెప్పేస్తే బరువు దిగుతుందంటారు. దిగలేదు, చోటు మారింది. ఇంతకుముందు నా దగ్గర ఒక రహస్యం ఉండేది, అది నాదే, తాళం నాదే. ఇప్పుడది ఇంకొకరి ఇంట్లో ఉంది.

పదమూడో తేదీ మధ్యాహ్నం బున్మా పిన్ని ఫోన్ చేసింది. "తల్లీ, ఒప్పుకుంది! ఆస్పత్రిలో చేరాం. రేపు పొద్దున ఎనిమిదింటికి నువ్వు తప్పకుండా రావాలట. ఏం చెప్పావో గానీ, నీ పుణ్యమమ్మా. నువ్వు నా కడుపున పుట్టాల్సింది."

"అలాగే పిన్నీ" అన్నాను.

వార్డులో ఆరు మంచాలు. లమ్యాయ్ ఆస్పత్రి వాళ్ళ ఆకుపచ్చ గౌనులో కూర్చుని ఉంది. ఎడమ తొడ మీద పెన్నుతో బాణం గుర్తు, పొరపాటున కుడికాలు కోయకుండా. ఒడిలో చిన్న పళ్ళెం, అందులో మల్లెదండ, రెండు పసుపు కొవ్వొత్తులు, అగరుబత్తి. వాటిని చూడగానే నాకు అర్థమైంది. కోతకు వెళ్ళే ముందు, సన్యాసం తీసుకునే ముందు, చచ్చిపోయే ముందు మా వాళ్ళు తమ వల్ల నొచ్చుకున్న వాళ్ళ ముందు ఇలా కూర్చుంటారు. అవతలి మనిషి 'అహోసి' అంటే చాలు, జరిగిందేదో జరిగిపోయినట్టే, ఇక వాళ్ళ మధ్య పగ ఉండదు.

"కూర్చో" అంది.

"పళ్ళెం నాకివ్వు. అడగాల్సింది నేను."

"నువ్వు ముందు నోరు మూసుకుని కూర్చో. అన్నం నీళ్ళు లేక చిరాగ్గా ఉంది."

మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను.

"మూడు రోజులు ఆలోచించాను" అంది. "మొదటి రోజు రోకలి తీసుకుని మీ ఇంటికి రావాలనిపించింది. కుంటికాలు కాబట్టి బతికావు. రెండో రోజు ఏడ్చాను. మూడో రోజు బుద్ధొచ్చింది. కప్పలు కప్పలు అనుకున్నాను గానీ, కప్పలకు బంతి ఎత్తివ్వడం రాదు కదా. వాటి పని చేయడానికి ఒక మనిషి కాలు కావాలి. అది నీ కాలు. అంటే వాటిలో ఒకదానివి నువ్వే. ఏ జన్మలోనో నీ కాళ్ళు నేను విరిచి బుట్టలో వేశాను."

"లమ్యాయ్, అది కాదు. ఏ జన్మా లేదు. ఈ జన్మలో, మే నెలలో, నేను నిన్ను చూసి ఓర్వలేక..."

"తెలుసు. చెప్పావుగా. వినపడింది." ఆమె పళ్ళెంలో మల్లెదండ సర్దింది. "తప్పెవరిదని నేను అడగట్లేదు. వేల కప్పల్ని ఎక్కడ వెతికి క్షమాపణ అడగను? అందుకే కాలు వదిలేసుకుందామనుకున్నా. ఇప్పుడు ఒక్కళ్ళు దొరికారు, మొహమున్నవాళ్ళు, నోరున్నవాళ్ళు. నువ్వు వదిలితే నేను వెళ్ళి కోయించుకుంటాను. వదలకపోతే చెప్పు, గౌను విప్పేసి ఇంటికి పోతాను."

పళ్ళెం రెండు చేతులతో ఎత్తి నుదుటికి ఆనించింది. తల వంచి, చిన్నప్పుడు గుడిలో నేర్చుకున్న మాటలే చదివింది. ఒంటితో గానీ, మాటతో గానీ, మనసుతో గానీ, తెలిసి గానీ తెలియక గానీ, ఈ జన్మలో గానీ వెనకటి జన్మల్లో గానీ నీకు నేను చేసిన ప్రతి అపకారాన్నీ మన్నించి నన్ను వదిలిపెట్టు.

తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళిన నన్ను కూర్చోబెట్టి ఆమె దణ్ణం పెడుతోంది. ఆ వంచిన మెడ, ఆ పాపిడి. నేను తెచ్చిన నేరాన్ని ఆమె తన లెక్కలో కలిపేసుకుంది. అది క్షమించే హక్కుగా మారిపోయి నా ఒళ్ళో పడింది. కాదని అరవాలనిపించింది. అరిస్తే గౌను విప్పేస్తుంది. నిజాన్ని పట్టుకుంటే ఆమె మోకాలు పోతుంది. నిజాన్ని వదిలితే, నేను అన్యాయం చేసిన మనిషిని నేనే క్షమించిన దాన్నవుతాను. ఇంతకంటే సిగ్గుపడే పని జీవితంలో ఏదీ చేయలేదు. బంతి ఎత్తివ్వడం కూడా ఇంత సిగ్గు కాదు.

తలుపు దగ్గర స్ట్రెచరు పట్టుకుని నర్సు నిలబడి ఉంది. "తొందరగా కానివ్వండమ్మా. ఇక్కడ రోజూ ఇదే గొడవ. మొన్న ఒకాయన కిడ్నీలో రాళ్ళకి పక్క మంచం ఆయన్ని క్షమాపణ అడిగాడు. ఆయనెవరో ఈయనకి తెలియనే తెలియదు."

"అహోసి" అన్నాను.

"గట్టిగా. నాకు వినపడాలి."

"అహోసి."

లమ్యాయ్ ఊపిరి వదిలింది. పళ్ళెం నా చేతుల్లో పెట్టింది. నేను ఆ పళ్ళేన్ని అలాగే ఆమె వైపు ఎత్తాను, తల వంచాను. మాటలు మొదలుపెట్టబోతుంటే ఆమె చేత్తో ఆపింది.

"నువ్వు వద్దు."

"లమ్యాయ్..."

"ఇప్పుడు అహోసి అంటే అబద్ధమవుతుంది. కత్తి కిందకి అబద్ధంతో వెళ్ళకూడదు." నర్సు ఆమెను స్ట్రెచరు మీదికి జరుపుతోంది. "కాలు నిలబడనీ. చూద్దాం."

పళ్ళెం పట్టుకుని వరండాలో కూర్చున్నాను. బున్మా పిన్ని జిగట అన్నం ముద్దలు చేసి నాకూ పెట్టింది. "తిను తల్లీ, మొహం చూడు ఎలా అయ్యిందో." తిన్నాను.

రెండు గంటల తర్వాత డాక్టర్ అరుణీ టోపీ తీస్తూ వచ్చింది. తంతువులు బాగా వచ్చాయంది. మెత్త కూడా కుట్టగలిగిందట. "ఒకటి గుర్తుపెట్టుకోండి. తొడలోంచి తీసిన తంతువు కొత్తచోట ముందు చచ్చిపోయినట్టే అవుతుంది. నెమ్మదిగా రక్తం పాకి మళ్ళీ బతుకుతుంది. మూడో నెలకు నొప్పి ఉండదు, వాపు ఉండదు, అంతా బాగైపోయిందనుకుంటుంది. లోపల అది అన్నిటికంటే బలహీనంగా ఉండేది అప్పుడే. కాపలా అప్పుడు కావాలి."

"నేను కాస్తాను" అన్నాను. ఎవరూ అడగలేదు.

*

స్కూలయ్యాక ప్రతి సాయంత్రం వెళ్ళేదాన్ని. గోడకు ఆనుకుని ఆమె కూర్చుంటే మడమ పట్టుకుని మోకాలు వంచేదాన్ని, రోజుకు కొంచెం. "నీ చేతులు విరగ, ఆపవే రాక్షసీ!" అని అరిచేది. "ఆపమంటే ఆపకు, అదంతే" అని వెంటనే అనేది. ఆ మే నెల మాట ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. బున్మా పిన్ని ఆ ఏడు, భిక్షువులు గుడి కదలకుండా ఉండే వర్షావాసం మూడు నెలలూ కప్పలు అమ్మనని మొక్కుకుంది, చేపలు అమ్మింది.

మూడో నెలలో ఒక సాయంత్రం మైదానం ఖాళీ అయ్యాక లమ్యాయ్ బంతి తీసుకుని నెట్టు దగ్గర నిలబడింది. "ఒక్కటి ఎత్తు. చిన్నగా ఎగురుతాను. నొప్పి చుక్క కూడా లేదు."

బంతిని తన్ని నా వైపు పంపింది. చేతుల్లోకి తీసుకున్నాను.

"ఎత్తను."

"ఒక్కటి."

"ఎత్తను."

"అప్పుడేమో దగ్గరగా ఎత్తావు, ఇప్పుడు అసలే ఎత్తవా? నా మోకాలి మీద పెత్తనమంతా నీదేనా?"

బంతిని కడుపుకు ఆనించుకుని నేల మీద కూర్చున్నాను, చీకటి పడేదాకా అలాగే కూర్చోగలనన్నట్టు. ఆమె కాసేపు నిలబడి, తిట్టి, కుంటకుండా నడిచి ఇంటికి వెళ్ళింది.

డిసెంబరులో నేనే కొట్టాను. నేరం చేసిన కాలు తడబడుతుందనుకున్నాను. తడబడలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత బాగా కొట్టలేదు. జనం అరిచారు, ఆ అరుపు నేరుగా నాకే తగిలింది, బాగుంది. బాగుండటమే భరించలేకపోయాను. మూడో స్థానం వచ్చింది. లమ్యాయ్ మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టింది. ఎంత కావాలని కొట్టిందో అడగలేదు.

మేలో డాక్టరు ఎగరవచ్చంది. మర్నాడు సాయంత్రమే లమ్యాయ్ నెట్టుకు వీపు పెట్టి నిలబడింది. చేతికి తల్లి రక్షగా కట్టిన తెల్లదారం. మాస్టారు బెంచీ మీద కూర్చుని చూస్తున్నారు.

మొదటి బంతి ఎత్తాను. ఆమె కదల్లేదు. "దూరం" అంది.

రెండోది ఎత్తాను. "దూరం."

మూడోది ఎక్కడ పడిందో నాకే కనిపించింది, నెట్టుకు రెండు బారల దూరంలో. నా పాదం ఆ పాత చోటుకు వెళ్ళనంటోంది.

"బారెడు అక్కా, బారెడు" అంది విసుగ్గా. "నువ్వు భయపడితే నేనెక్కడికొచ్చి కొట్టాలి, మీ ఇంటికా?"

నాలుగో బంతి పాదం మీదికి వచ్చింది. ఆ అర సెకను మళ్ళీ వచ్చింది. ఈసారి లోపల ఏ గొంతూ లేదు, లేకపోతే నేను వినలేదు. బంతి లేచింది. బారెడు. లమ్యాయ్ లేచింది, గాలిలో తిరిగింది, కుడికాలు తల మీదుగా వచ్చి బంతిని నెట్టు అవతలికి దించింది. ఎడమకాలు నేలను తాకింది. మోకాలు కొంచెం వంగి, ఆగింది. నిలబడింది.

ఆమె తన మోకాలినే చూస్తూ ఉండిపోయింది. నేను ఎదురుచూశాను. ఏ మాట కోసమో మా ఇద్దరికీ తెలుసు.

కుంటకుండా వెళ్ళి, నెట్టు కింద నుంచి వంగి, అవతల పడిన బంతిని తెచ్చింది. నా పాదాల దగ్గరికి దొర్లించింది.

"ఇంకోటి" అంది.

ఎత్తాను.